తోడేలు మెడలో నేను

నేను ఒక మెడపట్టీని. కుక్కకు కట్టేదాన్ని కాదు, తోడేలుకు కట్టేదాన్ని. నా లోపలి చిన్న యంత్రం నేనెక్కడున్నానో ఎప్పటికప్పుడు చెబుతుంటుంది. తోడేళ్లను తరిమేదీ మనుషులే, అవి ఎటు పోయాయో తెలుసుకోవాలని నన్ను తయారుచేసిందీ మనుషులే.

అనంతపురం మెట్టభూముల్లో హిమజ అనే పరిశోధకురాలు, మత్తులో పడివున్న ఒక కుర్ర మగ తోడేలుకు నన్ను కట్టింది. బిగుతవుతుందేమోనని రెండు వేళ్లు దూర్చి చూసింది.

ఆ గుట్టల్లో తోడేళ్లు ఎక్కువ, వేట తక్కువ. వానలు పడని ఆ ఏడు తండ్రి తోడేలు దాని మీద పళ్లు చూపింది. మేం బయలుదేరాం. ఇక నిలకడ లేదు. గాలిమరల కిందుగా, సోలార్ కంచెల వెంబడి, లారీల రోడ్డు దాటుకుని నడిచాం. ఏ గడ్డిబీడు చేరినా మరో గుంపు వాసన. అది పడుకోబోయేది, గాలి మారగానే లేచేది.

ఆకలికి తాళలేక సిద్దప్ప అనే కాపరి మందలో రెండు గొర్రెపిల్లల్ని పట్టింది. మళ్లీ వెళ్లేసరికి దొడ్డి అవతల చచ్చిన గొర్రె పడి ఉంది. మేం కంపచెట్ల చాటున పొంచి ఉండగా, నా జాడ పట్టుకుని హిమజ పరుగున వచ్చింది. గొర్రె మీద పురుగుమందు వాసన పసిగట్టి, ఆ విషపు ఎరను పూడ్చెయ్యమని సిద్దప్పను బతిమాలింది.

"నీ తోడేలుదేనా పానం? నా గొర్రెలది గాదామ్మా?" అన్నాడతను.

హిమజ ఫోన్లో మేం వచ్చిన దారి చూపించింది. ఆ గీత వంకలు దాటి, గుట్టలు చుట్టి, ఎక్కడా ఆగకుండా అతని దొడ్డి దాకా వచ్చింది. సిద్దప్ప చాలాసేపు చూశాడు. మేత కోసం ఏటా తను మందను తోలుకుపోయే దారి కూడా ఇంచుమించు అదే.

"ఇంత దూరం ఏం ఎతుక్కుంటా వచ్చిండాది?"

"ఉండేకి ఇంత చోటు, అన్నా. ఒక తోడు."

అతనే పార తెచ్చి గొర్రెను పూడ్చాడు. మళ్లీ వస్తే మాత్రం ఏం చేస్తానో తనకే తెలియదన్నాడు.

మేం ఖాళీ కడుపుతోనే కదిలాం. చాలా దూరం పోయాక, ఒక రాతిగుట్ట మీద అది గొంతెత్తి ఊళవేసింది. అవతలి లోయలోంచి ఒక్క గొంతు బదులు పలికింది. అప్పటికే హిమజ నాకు పెట్టిన గడువు తీరింది. నా బిగింపు దానంతటదే ఊడిపోయింది, నేను రాళ్ల మధ్య పడ్డాను. అది మెడ విదిలించుకుని ఆ గొంతు వైపు పరుగెత్తింది.

హిమజ నన్ను వెతికి తెచ్చుకుంది; ఇప్పుడు ఆమె బల్ల మీద ఉన్నాను. నిన్న సిద్దప్ప ఫోన్ చేశాడు.

"ఇప్పుడు యాడుండాదిమ్మా అది?"

మంద కోసం భయపడి అడిగాడో, దాని మీద బెంగతో అడిగాడో నాకు అర్థం కాలేదు.

"నాకూ తెలీదన్నా" అంది హిమజ.