పద్నాలుగో బోర్డు

తెల్లవారినప్పటి నుంచీ ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోతోంది. ముసురు పట్టదు, తెరిపీ ఇవ్వదు. బస్సు డిపో షెడ్డులో బొంగరం అప్పటికే మూడో బోర్డు మీద ఉన్నాడు. బస్సుల ముందు తగిలించే బోర్డులు ముప్పయ్యేళ్లుగా అతనే రాస్తున్నాడు. బొంగరమన్నది, కాలు ఒకచోట నిలవదని డిపోలో వాళ్లు పెట్టిన పేరు.

కండరాలు ఊరికే అలిసిపోయే జబ్బు పట్టుకుని రెండేళ్లు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే ఒంటి మీద తిరగబడ్డాయని డాక్టరమ్మ చెప్పింది. ప్రాణం తియ్యదు, అలాగని వదిలీ పోదు. మాత్రలు వేళకు వేసుకుని, అలుపు రాకముందే ఆగితే చాలామంది నిండా బతుకుతారంది. ఆ ఆగడం దగ్గరే అతను చిక్కుకుపోయాడు. చావుకి సిద్ధపడి వెళ్లిన మనిషి. కూర్చోమంటే ఎలా కూర్చోవాలో తెలియలేదు.

పొద్దున మాత్ర వేసుకుంటే రెప్పలు లేస్తాయి, గీత తిన్నగా వస్తుంది. పదకొండు దాటితే కంటికి ఒక గీత రెండుగా కనబడుతుంది. అప్పుడు ఒక కన్ను మూసుకుని రాస్తాడు. ఈవేళ సరిగ్గా ఆ వేళకే డిపో పెద్దాయన వచ్చి వెనక నిలబడ్డాడు. జబ్బు సంగతి తెలిస్తే పని పోతుందని రెండు కళ్లూ తెరిచే రాశాడు. పద్నాలుగో బోర్డు మీద సుద్దగీత ఒకటే. అతని కుంచె మాత్రం లేని రెండో గీతను పట్టుకుని ఊరి పేరును ఏటవాలుగా పైకి లాక్కుపోయింది.

పెద్దాయన వెళ్లాక డిపో మెకానిక్కు, బొంగరం ఇంటావిడకి తమ్ముడు, బోర్డు మీదికి తల వంచి చూశాడు.

"బావా, ఈ బస్సు ఊళ్లోకి పోతుందా, కొండెక్కుతుందా?"

బొంగరం నవ్వబోయాడు. బుగ్గలు లేవక అది కోపంలా వచ్చింది. బస్సు అంకె ఉంచి, కిరసనాయిలు గుడ్డతో ఊరి పేరు మాత్రం తుడిచి కుంచె ఎత్తాడు. చెయ్యి దిగిపోయింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ దిగింది.

"ఇక పొద్దుటిపూటే వస్తానని పెద్దాయనకి చెప్పేస్తా." మాట ముక్కులోంచి వచ్చింది.

"కాదంటే?"

"మానేస్తా. వంకర రాతలు మాత్రం రాయను."

వెళ్లి చెప్పాడు. రేపు చూద్దామన్నాడు పెద్దాయన. జీవితంలో మొదటిసారి పని సగంలో వదిలి ఇంటికి నడిచాడు.

పాతికేళ్ల కాపురంలో నిలబడి తప్ప తినని మనిషి బల్ల ముందు కూర్చున్నాడు. దవడ అలిసిపోతుందని తినేటప్పుడు మాటలొద్దన్నది ఇంటావిడే. తనూ అతనితో పాటే నెమ్మదిగా నమిలింది. బల్ల కింద అతని కాలు మాత్రం ఆడుతూనే ఉంది. అక్కడ షెడ్డులో, గోడకి ఆనించిన బోర్డు మీద, ఊరి పేరు లేకుండా అంకె ఒక్కటే ఇంకా ఆరుతోంది.