ఆసక్తి గలవారు రావచ్చు

ఆ నెలలో నేను చేయాల్సిన పనులు ఇవి. నాన్న చెవి మెషిన్‌కు కొత్త గొట్టం వేయించాలి. మరమగ్గాల షెడ్డు వాళ్ళ వినికిడి పరీక్షల ఫలితాలన్నీ ఒక్క పేజీకి కుదించాలి. సెలవు కాగితం మీద పెద్ద డాక్టరు గారి చేత సంతకం పెట్టించుకోవాలి. కండె బాబాయి కూతురికి రెండోసారి పరీక్ష చేయాలి. రెండు సభల్లో దేనికి వెళ్ళాలో తేల్చుకోవాలి.

అన్నిటికన్నా తేలికైనది ఆ చివరిదే అనుకున్నాను.

నేను ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడగానే బటన్ నొక్కమంటాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. ఈ చదువే ఎందుకు చదివావని అడిగితే నాన్నను చూపిస్తాను. ఆయన షెడ్డులో పని చేసి చేసి, చెవులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చారు. మా ఇంట్లో మాటలన్నీ అరుపులే. కొత్తవాళ్ళు మేం పోట్లాడుకుంటున్నామని అనుకుంటారు. నిజంగా పోట్లాడుకున్నప్పుడు మాత్రం ఇల్లు చప్పుడు లేకుండా ఉంటుంది.

కండె బాబాయి నాన్నతో కలిసి పనిచేసినవాడు, ఆయనకూ సరిగ్గా వినపడదు. చుట్టరికం ఏమీ లేదు, వరస పెట్టి పిలవడమే. కండె మీద దారం అయిపోయే సంగతి అందరికన్నా ముందు కనిపెట్టి మార్చేస్తాడని ఆ పేరు వచ్చింది. షెడ్డు వాళ్ళను నా గదికి తెచ్చింది ఆయనే. సెలవు రోజున ఒక్కొక్కరినీ బతిమాలి, తిట్టి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆయన ఆరాటం ఊరికే కాదు. ఆయన కూతురు ఈ మధ్యనే అదే షెడ్డులో చేరింది. మొదటి పరీక్షలోనే ఆ పిల్లకు సన్నటి శబ్దాలు జారిపోతున్నాయని తేలింది. పిట్టకూత లాంటి శబ్దం వదిలితే ఆమె వేలు బటన్ మీద కదలలేదు.

"ఇంకా పూర్తిగా పోలేదుగా?" అన్నాడు బాబాయి నా పెదవులే చూస్తూ.

"లేదు బాబాయ్. మగ్గాలకు మూతలు బిగించి, చెవులకు అడ్డం పెట్టుకునేవి ఇస్తే ఇక్కడితో ఆగుతుంది."

"ఆ బిగించేవాళ్ళెవరో వాళ్ళకి చెప్పవే. నాకు చెప్తే ఏం లాభం? మహా అయితే కండె మారుస్తాను."

బిగించమని చెప్పగలిగేది ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు. షెడ్లలో శబ్దానికి ఇప్పుడున్న హద్దు తగ్గించాలా వద్దా అని తేల్చడానికి వాళ్ళు మా ఊళ్ళోనే సమావేశం పెట్టారు. ఆసుపత్రి నోటీసు బోర్డు మీద ఆ కాగితం అతికించారు. అడుగున ఒకే ఒక్క ముక్క ఉంది: ఆసక్తి గలవారు రావచ్చు.

సరిగ్గా అదే రోజున ఇంకో సభ. దూరంగా, సముద్రం ఒడ్డున హోటల్లో, అంతర్జాతీయ సదస్సు. దాని పిలుపు నేరుగా నా మెయిల్‌కే వచ్చింది. నన్ను డాక్టర్ అన్నారు. నా విశిష్ట కృషిని ఎంతో కాలంగా గమనిస్తున్నామన్నారు. నా రాకతో సభకు నిండుదనం వస్తుందన్నారు. అచ్చు తీసి నాన్నకు ఇచ్చాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

"డాక్టరని రాశారే!"

"పొరపాటున రాసుంటారు నాన్నా."

"ఏమన్నావ్?"

"పొరపాటు! అని!"

"గొప్పవాళ్ళు పొరపాటు చేస్తారా? సరే, ఆ రెండోవాళ్ళేమన్నారు?"

"రావచ్చు అన్నారు!"

"రావచ్చు అంటే?"

నేను నోరు తెరిచేలోపే నాన్నే చెప్పారు. "రాకపోయినా మాకేం కాదు అని. పిలిచినవాళ్ళని కాదని, పిలవనివాళ్ళ గుమ్మం ముందు నిలబడతావా తల్లీ?"

మాలాంటి ఇళ్ళలో ఆ మాటకు తిరుగులేదు. ఆఫీసుల్లో, బ్యాంకు కౌంటర్ల దగ్గర, చివరికి నా బడిలో కూడా నాన్నను అందరూ మొదట అడిగింది ఒక్కటే: నిన్నెవరు రమ్మన్నారు? ఎవరో రమ్మన్న కాగితం చేతిలో లేకుండా ఆయన ఏ మెట్టూ ఎక్కలేదు. నన్నూ అలాగే పెంచారు.

అయినా మనసు ఒప్పక పెద్ద డాక్టరు గారిని అడిగాను.

"ఇన్‌స్పెక్టర్ల మీటింగా?" అని ఆయన నవ్వారు. "ఓ టీ, రెండు బిస్కెట్లు. నీ బయోడేటాలో ఏమని రాస్తావ్, టీ తాగాను అనా? నిన్ను పర్మనెంట్ చేసే కమిటీలో 'అంతర్జాతీయ' అన్న మాటకు మార్కులుంటాయి. మగ్గాలకుండవు. అక్కడికే వెళ్ళు. ఆ పేపరు మీద నా పేరు ముందు పెట్టు."

"మీరు పరీక్షలప్పుడు లేరు కదా సార్."

"అందుకేగా అమ్మా, పేరైనా ఉండాలి."

నేను మధ్యేమార్గం పట్టాననుకున్నాను. ఫలితాల పేజీకి ఒక ఉత్తరం జతచేసి ఇన్‌స్పెక్టర్ల ఆఫీసుకు పంపాను. "తమరు ఆహ్వానించినట్లయితే తప్పక హాజరై వివరించగలను" అని రాశాను. వినయంగా రాశానని తృప్తిపడ్డాను కూడా. రోజూ జవాబు కోసం చూశాను. రాలేదు. సముద్రం వాళ్ళ మెయిళ్ళు మాత్రం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చివరికి వాళ్ళకే వస్తానని చెప్పాను.

బాబాయికి చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను.

"మరి ఇక్కడివాళ్ళకి ఎవరు చెప్తారు?"

"కాగితం పంపించాను బాబాయ్!"

"కాగితం లేచి నిలబడుతుందా?"

వాళ్ళావిడ కసిరింది. "దాని పని దానికుండదూ? నీ గోల నీది."

"నేనేమన్నానే? వెళ్ళిరా అమ్మా," అన్నాడు.

సదస్సులో నాకు ముందు మాట్లాడినాయన చేపల చెరువుల గురించి చెప్పాడు. నా తర్వాతి ఆమె వంతెనల గురించి. హాల్లో ఉన్నది మాట్లాడాల్సినవాళ్ళే. తమ వంతు కాగానే ఒక్కొక్కరూ లేచి ఫోటో దిగడానికి పోయారు. నేను మగ్గాల దగ్గరికి వచ్చేసరికి నిర్వాహకుడు గడియారం చూపించాడు. అక్కడ అందరూ డాక్టర్లే, అందరిదీ విశిష్ట కృషే, అందరికీ జ్ఞాపిక. నా జ్ఞాపిక మీద వంతెనలామె పేరుంది. వెతికి మార్చుకున్నాం. ఆమెది దక్కినందుకు ఆమె, నాది దక్కినందుకు నేను, ఒకరికొకరం థాంక్స్ చెప్పుకున్నాం. ఇద్దరం ఏడుపు ఆపుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు.

తిరిగొచ్చాక ఇన్‌స్పెక్టర్ల ఆఫీసుకు ఫోన్ చేస్తే పెద్ద ఇన్‌స్పెక్టరమ్మే ఎత్తారు.

"మీరేనా? మీకోసం ముందు వరసలో కుర్చీ వేయించానండీ. ఎందుకు రాలేదు?"

"ఆహ్వానం రాలేదు మేడమ్."

"ఆహ్వానమేంటండీ? రావచ్చు అని రాశాంగా! మీ పేజీ చదివి మీరొస్తారనే అనుకున్నాం. వివరించే మనిషి లేనిదే ఆ లెక్కలు చెల్లవని, షెడ్డు యజమానుల తరఫున వచ్చిన మిల్లు డాక్టరు పట్టుబట్టాడు. హద్దు మార్చలేదు. మళ్ళీ ఎప్పుడు పెడతారో నాకూ తెలీదు. అన్నట్టు, మీ తరఫున ఒక పెద్దాయన లేచారు."

అప్పుడు తెలిసింది, బాబాయి వెళ్ళాడని. ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరూ రమ్మనకుండానే వెళ్ళి, వెనక వరసలో కూర్చుని, వంతు లేకపోయినా లేచి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరమ్మ మర్యాదగా అడిగారట: మీరు రోజుకు ఎన్ని గంటలు షెడ్డులో ఉంటారు? ఎవరైనా ఆయన్ను మొదట అడిగేది వయసే కదా. అదే అడిగారనుకున్నాడు.

"యాభై ఎనిమిది!" అని హాలంతా మోగేలా చెప్పాడు.

రోజుకు యాభై ఎనిమిది గంటలా అని సభ ఘొల్లుమంది. నవ్వులు ఆగాక మిల్లు డాక్టరు అన్నాడట, "చూశారుగా, ఇది వయసు. మగ్గాలకేం సంబంధం?" అని.

సాయంత్రం బాబాయే మా ఇంటికొచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"చెప్పేశానమ్మా! నువ్వు లేకపోయినా లోటు రానివ్వలేదు. నన్ను ఏదో అడిగారు కూడా, టక్కున చెప్పాను. అందరూ నవ్వారు. మంచివాళ్ళే, పాపం. ఇక మూతలు బిగిస్తారులే."

నాన్న ఆయన భుజం తట్టారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి వినపడకుండా చాలాసేపు మాట్లాడుకున్నారు. హద్దు మారలేదని చెప్పాలంటే అరవాలి. ఆ సంగతి అరిచి చెప్పే గొంతు నాకు లేదు.

కూతురికి రెండోసారి పరీక్ష చేశాను. కాగితం మీద వినికిడి గీత మొదటిసారికన్నా కిందికి దిగింది. గదిలోంచి బయటికొచ్చి, "ఎలా ఉందక్కా?" అని అడిగి, జవాబు కోసం నా కళ్ళలోకి చూడలేదు. నా పెదవుల వంక చూసింది.

సమావేశం నివేదిక తెప్పించుకుని చదివాను. అందులో ఆయన పేరు లేదు. "ఒక వృద్ధ కార్మికుడు అసంబద్ధంగా మాట్లాడారు" అని ఉంది. అందుకే ఇది రాశాను. మీరెప్పుడైనా ఒక సభలో కూర్చున్నప్పుడు, వెనక నుంచి ఎవరో లేచి, అడిగినదానికి కాక ఇంకోదానికి గట్టిగా జవాబు చెప్తే, నవ్వు వచ్చేలోపు మా కండె బాబాయిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.