బయటి తాళం

"నువ్వు హాయిగా పడుకో. బయట తాళం వేసుకుని పోతాలే."

నైట్ డ్యూటీ నుంచి వచ్చి, వంట ముగించి, క్యారేజీ కట్టి నేను మంచమెక్కబోతుంటే మా ఆయన రోజూ అనే మాట ఇది. పగలు దొంగలు పడతారట. ఎవరైనా తలుపు కొడితే నా నిద్ర పాడవుతుందట. "బంగారంలా దాచుకుంటున్నాడే నిన్ను" అని ఊర్నుంచి వచ్చినప్పుడల్లా మా అత్తగారి మురిపెం. నేనూ మురిసిపోయాను, సిగ్గులేకుండా. సాయంత్రం ఆయనొచ్చి తాళం తీసేదాకా నేను గుమ్మం దాటలేనన్న సంగతి ఇన్నేళ్ళూ తట్టనే లేదు.

ఇవాళ తట్టింది. ఆసుపత్రిలో నేను నర్సుగా ఉన్న కాన్పుల వార్డు చివర, మంటలొస్తే బయటపడటానికని ఒక తలుపుంది. పోయినేడు ఎవతో ఆ దారిన పసిబిడ్డను ఎత్తుకుపోబోయింది. అప్పట్నుంచి దానికి గొలుసు చుట్టి తాళం వేశారు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర.

తెల్లవారుతుండగా పెద్ద తలుపు పక్కనున్న దుప్పట్ల గది అంటుకుంది. వార్డంతా పొగ. కుట్లు ఆరని తల్లులు బిడ్డల్ని గుండెకు అదుముకుని చివరి తలుపు దగ్గరికి చేరారు. వాచ్‌మన్ టీకి వెళ్ళాడు. నేనూ ఆయమ్మా సెలైన్ స్టాండు గొలుసులో దూర్చి, అది తెగేదాకా మెలిపెట్టాం. అందరూ బయటపడ్డారు.

అదే తప్పయినట్టు సూపరింటెండెంట్ నన్ను పిలిపించాడు.

"గొలుసు తెంపారట? రేపు బిడ్డ పోతే మీరు తెచ్చిస్తారా?"

"లోపల్నుంచి నెడితే తెరుచుకుని, తెరవగానే గంట మోగే తలుపు పెట్టించండి సార్. దొంగ దొరుకుతుంది, తల్లులూ బతుకుతారు."

"ఆ గోల ఎవరు భరిస్తారమ్మా? తాళమైతే నిశ్చింత. అయినా ఏమీ కాలేదుగా."

ఎవరికయ్యా నిశ్చింత? నా ఒళ్ళు మండిపోయింది. "మళ్ళీ తాళం వేస్తే ఫైర్ ఆఫీసుకి నేనే వెళ్ళి చెప్తాను" అని వచ్చేశాను.

ఇంట్లో చెబితే ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు.

"ఏమీ కాలేదుగా. క్యారేజీ అయిందా?"

అయింది. జుట్టులో పొగ వాసన అలాగే ఉండగా వండి, కట్టిచ్చాను. ఆయన గుమ్మం దాటి, అలవాటుగా తాళంకప్ప అందుకున్నాడు. వెళ్ళి చేతిలోంచి లాక్కున్నాను.

"నేను లోపలుండగా ఈ తలుపుకి బయట తాళం పడదు."

"ఏమైంది నీకివాళ? దొంగలొస్తే?"

"లోపల గడియుంది. నాకు చేతులున్నాయి."

ఆయన ఇంకా గుమ్మం బయట నిలబడి ఉండగానే తలుపేసి గడియ పెట్టుకున్నాను.