మెత్తని సీసం

చిన్నమ్మాయి కాపురానికి వచ్చిన రెండో ఏడే మామగారు ఆమె చేతికి తుపాకీ గుండ్లు పోసే అచ్చు ఇచ్చారు. కొడుకు చంద్రరావు గురి చూసి పేల్చడంలో దిట్టే గానీ, పొయ్యి దగ్గర గంటసేపు కుదురుగా కూర్చోమంటే కూర్చోలేడు. "నీది నిలకడైన చెయ్యమ్మా, నువ్వు నేర్చుకో" అన్నారాయన. ఆయన పోయి పదిహేనేళ్ళయినా ఆ ఇంట్లో గుండ్లు పోసేది ఆమే.

ఆ తుపాకీ ఇప్పటిది కాదు. మామగారు ఎప్పుడో ఒక ఎస్టేటు వేలంలో కొన్నది. చిటికెన వేలు దూరేంత గొట్టం, లోపల మెలికలు తిరిగిన గాళ్ళు, ఒక్కసారికి ఒక్కటే తూటా. దానికి సరిపోయే తూటాలు బజారులో దొరకడం మానేసి చాలా కాలమైంది. ఇంట్లో మిగిలిన పాతిక ఇత్తడి తూటా గొట్టాలనే మళ్ళీ మళ్ళీ నింపుకోవాలి. తుపాకీమందు లైసెన్సు మీద రాజమండ్రిలో కొంటారు. గుండు మాత్రం ఇంటి పొయ్యి మీద తయారుకావాల్సిందే.

వాళ్ళది పెద్దాపురం దాటాక ఒక మెట్ట ఊరు. ఆరెకరాల్లో కర్రపెండలం వేశారు. తొంభై తొమ్మిదిలో కార్తీకమాసం వచ్చేసరికి అడవిపందుల మంద ఒకటి కొండ దిగి చేల మీద పడింది. ఒక్క తెల్లవారుజామునే అరెకరం దుంప తవ్వి తినేసి పోయాయి. రైతులంతా వెళ్ళి మొత్తుకుంటే, లైసెన్సున్న చంద్రరావుకి మూడు నెలలపాటు పందుల్ని కాల్చడానికి అటవీశాఖ వాళ్ళు కాగితం ఇచ్చారు.

అదే వారంలో పెద్దాపురంలో ప్రెస్సు నడిపే వీరాస్వామి పాత యంత్రం తీసేసి ఆఫ్‌సెట్టుకి మారాడు. అక్షరాల సీసం ఒక డబ్బాడు మిగిలితే, "మీకు పనికొస్తుందేమో, తీసుకెళ్ళండమ్మా" అని చిన్నమ్మాయికి ఇచ్చాడు. ఎన్ని ఊళ్ళ శుభలేఖలు అచ్చేసిన అక్షరాలో అవి, ఇనప మూకుట్లో కరిగి గుండ్లై బయటికొచ్చాయి. అంత నున్నని గుండ్లు ఆమె ఏనాడూ పోయలేదు. వెండిలా మెరుస్తున్నాయి. అడుగు చదునుగా, అంచు కత్తితో కోసినట్టుగా ఉంది. తేనెమైనంలో నువ్వులనూనె కలిపి వాటికి పూసి, తూటాలు కట్టి, మురిసిపోతూ భర్తకి ఇచ్చింది.

చంద్రరావు మంచె మీద కాపు కాశాడు. పక్కచేను రైతు పల్లంరాజు తోడుగా కూర్చున్నాడు. తెలతెలవారుతుండగా ఒక పెద్ద పంది యాభై గజాల్లో నిలబడింది. పేల్చాడు. పంది తలెత్తి చూసింది. రెండో తూటా ఎక్కించి పేల్చేసరికి తుప్పల్లో దూరిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఏంటండీ చంద్రరావు గారూ, పందులకి దీపావళి చూపిస్తున్నారా?" అన్నాడు పల్లంరాజు. నవ్వులాటకే అన్నాడు. చంద్రరావు మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి తుపాకీని గోడకి ఆనించి, అరుగు మీద కూర్చుండిపోయాడు.

"నా పని అయిపోయిందే చిన్నమ్మాయ్. యాభై ఎనిమిదొచ్చాయి. చెయ్యి తప్పిపోతోంది. దీన్ని స్టేషన్లో అప్పజెప్పేస్తాను."

ఆమె తుపాకీ తుడవడానికి కూర్చుంది. గొట్టంలోంచి లాగిన గుడ్డకి ఎప్పుడూ మసే అంటుకుంటుంది. ఈసారి మసిలో తెల్లని రేకులు కనిపించాయి. గోటితో గిల్లి చూస్తే సీసం.

సాయంత్రం ఒక్కతే చేనుకి వెళ్ళింది. గుండు పోయిన దిక్కున, బోరు పక్కనున్న అరటి బోదెకి కన్నం పడి ఉంది. గుండ్రంగా లేదది. పొడుగ్గా ఉంది, గుండు అడ్డంగా పడుకుని దూరినట్టు. చిన్నమ్మాయి ఆ గట్టు మీదే చతికిలబడింది.

మామగారు మొదటి రోజే చెప్పిన సంగతి ఆమె ఎరగనిది కాదు. సీసం గోటికి లొంగాలి. వెనకనుంచి మందు తన్నగానే మెత్తని అడుగు కాస్త విప్పారి గాళ్ళలో బిగుసుకుంటుంది. అప్పుడే గుండు తిన్నగా తిరుగుతూ పోతుంది. గట్టి సీసమైతే గాళ్ళు పట్టవు, మంట పక్కలనుంచి దూసుకుపోయి గొట్టానికి సీసం పూస్తుంది. ఇంటికొచ్చి మిగిలిన గుండొకటి తీసి గోరు గుచ్చింది. గోరే నొప్పెట్టింది. మెరుపు చూసి మోసపోయింది.

ఆ మాట వెంటనే చెప్పేయొచ్చు. చెప్పలేకపోయింది. ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్కసారీ గుండుకి వంక పెట్టలేదు. ఇప్పుడు కూడా తన చేతినే తిట్టుకుంటున్నాడు గానీ ఆమె చేతిని అనుమానించలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధగా ఉంది. రెండు రోజులు అలాగే గడిచాయి.

మూడోనాడు చేపలమ్మే చిట్టియ్య వచ్చాడు. వీధిలో కూర్చుని వల బాగుచేసుకుంటూ, అంచుకి కొత్త సీసం గుళ్ళు పళ్ళతో నొక్కి బిగిస్తున్నాడు.

"పళ్ళతోనా? ఊడిపోవూ?" అంది చిన్నమ్మాయి.

"మెత్తటి సీసమండి. గట్టిదైతే ఊడిపోద్దేమో గానీ, ఇది మైనంలా నొక్కుకుపోద్దండి."

"పాత వల గుళ్ళేమన్నా ఉన్నాయా?"

"గంపెడున్నాయండి. ఏం చేసుకుంటారండి అమ్మగారూ?"

ఆమె గుళ్ళు తెప్పించుకుంది. మర్నాడు పొద్దున్నే పెరట్లో పొయ్యి వెలిగించి, చెమటబొట్టు సీసంలో పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకుంది. చంద్రరావు పళ్ళపుల్ల నములుతూ వచ్చి నిలబడ్డాడు.

"ఇంకా ఎందుకే గుండ్లు? ఇచ్చేస్తానన్నానుగా."

చిన్నమ్మాయి గరిటె పక్కన పెట్టింది. "తప్పు మీ చేతిది కాదండి. నాది. ప్రెస్సు సీసం గట్టిది. గుండ్లు అడ్డంగా పోయాయి. అరటి బోదెలో కన్నం చూశాను. నాలుగు రోజుల్నించీ తెలుసు నాకు."

అతను పళ్ళపుల్ల ఉమ్మేశాడు. "నాలుగు రోజుల్నించా? ఊళ్ళో నా పరువు తీసి, నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చున్నావా?" అని కేకలేశాడు. గొడ్లసావిడి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఈసారి గొంతులో కోపం లేదు. "అంటే నా చెయ్యి బాగానే ఉందన్నమాట!"

ఆ మధ్యాహ్నమే పాత క్వారీలోకి వెళ్ళారు. మట్టిగుట్టకి గోనెసంచి కట్టి, మధ్యలో సున్నంతో చుక్క పెట్టారు. యాభై గజాల నుంచి ఐదు గుండ్లు పేల్చాడు. చిన్నమ్మాయి పరుగున వెళ్ళి చూసింది. ఐదు కన్నాలూ గుండ్రంగా, కొలిచి గుద్దినట్టు ఉన్నాయి. గుండ్లు బాగున్నాయి. కానీ చుక్కకి ఒకటి జానెడు పైన, ఒకటి మూరెడు పక్కన, మిగతావి తలో దిక్కున పడ్డాయి.

చంద్రరావు మొహం మళ్ళీ పాలిపోయింది. ఆశపెట్టి మరీ దించేసినట్టయింది ఆమెకి. అలా అని అబద్ధం చెప్పి ఒప్పించలేదు.

"ఒక్కమాట చెప్పండి. గొట్టం చివర గురిముల్లు మీకెలా కనిపిస్తోంది?"

చంద్రరావు తుపాకీ దించి గొట్టం చివర వేలితో తడిమాడు. తర్వాత, "రెండు ముళ్ళు కనిపిస్తున్నాయే," అన్నాడు మెల్లగా. "ఏడాదిబట్టీ అంతే. వయసు కదా అనుకున్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు మాత్రం నాలుగు రోజులు చెప్పావా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. మట్టిగుట్ట పక్కన నిలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నారు.

రాజమండ్రిలో డాక్టరు చూసి కుడికంట్లో శుక్లం బాగా ముదిరిందన్నాడు. ఆపరేషన్ చేసి అద్దం పెట్టారు. నల్లకళ్ళజోడు పెట్టుకుని చంద్రరావు నెలన్నర ఇంటిపట్టునే ఉన్నాడు. ఈలోగా పందులు ఇంకో ఎకరన్నర తవ్వేశాయి. చిన్నమ్మాయి, పల్లంరాజు కలిసి డబ్బాలు వాయిస్తూ మిగతాది కాపాడారు. ఖాళీ దొరికినప్పుడల్లా ఆమె గుండ్లు పోసి, అడుగు అంచు కాస్త చెదిరినా తిరిగి మూకుట్లో పడేసేది.

తుపాకీ వెనక్కి తన్నినా కంటికి ఇబ్బంది లేదని డాక్టరు చెప్పాక, కాగితం గడువు ఇంకా వారం ఉండగా చంద్రరావు మళ్ళీ మంచె ఎక్కాడు. ఈసారి పక్కన చిన్నమ్మాయి కూర్చుంది. మంచు విడుతున్న వేళ అదే పెద్ద పంది దుంపల సాలులోకి వచ్చింది. అతను తొందరపడలేదు. ఒక్కటే దెబ్బ. పంది నాలుగడుగులు వేసి ఒరిగిపోయింది. మిగతా మంద తుప్పల్లోంచి కొండవైపు పారిపోయింది.

అటవీశాఖ మనిషి వచ్చి పంచనామా రాసుకుని, పందిని అక్కడే పాతిపెట్టించాడు. పూడ్చేముందు గుండు దెబ్బ చూసి పల్లంరాజు, "బాబోయ్, ఎక్కడ కొన్నారండి ఈ తూటాలు?" అన్నాడు.

"కొనడమేంటండీ, మా ఆవిడ పోసినవి," అన్నాడు చంద్రరావు. "ముల్లు ఇప్పుడు ఒకటే కనిపిస్తోందండి నాకు."

ఆ ఏడు ఆరెకరాల్లో నాలుగెకరాల దుంప దక్కింది. ఎడమకంట్లోనూ శుక్లం మొదలైందని డాక్టరు చెబితే, ఎండాకాలం పోయాక చూద్దాంలే అన్నాడు చంద్రరావు. చిన్నమ్మాయి ఆ మాట నమ్మలేదు. మర్నాడే బస్సెక్కి వెళ్ళి ఆపరేషన్‌కి తేదీ రాయించుకొచ్చింది.