సాబ్ ఇచ్చిన పొడి

బస్సు సాత్తూరు చేరకముందే అంతోణి ముందు సీటు కడ్డీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఏమి నాయినా?" అంది పక్కన కూర్చున్న జెయంతి.

అతను సంచి భుజాన వేసుకున్నాడు. నుదురంతా చెమటతో తడిసిపోయింది. నిలబడ్డ జనాన్ని తోసుకుంటూ కండక్టరు దగ్గరికి వెళ్ళి, బస్సు ఆపమని తమిళంలో బతిమాలాడు. కండక్టరు టిక్కెట్లు ఇస్తూనే, స్టాండు వచ్చేస్తోంది, కాసేపు ఓర్చుకోండి పెద్దాయనా అన్నాడు. పదిహేడేళ్ళు సైన్యంలో పనిచేసి నాయక్ హోదాలో బయటికొచ్చిన ఆ మనిషి కండక్టరు చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే అయిపోయింది.

తలుపు పక్కన కూర్చున్న స్త్రీ తన పూలబుట్టను ఒళ్ళోకి తీసుకుంది. కాలేజీ అమ్మాయిలిద్దరు చున్నీలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఇంత బాధ ఉండేది కాదేమో అనుకుంది జెయంతి. డ్రైవరు బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. తండ్రీకూతుళ్ళు దిగగానే బస్సు వెళ్ళిపోయింది.

కొంచెం దూరంలో టీకొట్టు ఉంది. కొట్టు నడిపే ముసలమ్మ అంతోణిని చూసి ఏమీ అడగలేదు. బకెట్టు నిండా నీళ్ళిచ్చి, వెనకనున్న సీమతుమ్మ పొదల వైపు చెయ్యి చూపించింది. అంతోణి సంచిలో మరో ప్యాంటు ఎప్పుడూ ఉంటుంది.

"నువ్వు అట్ల పోయి కూచో పాపా. నేను చూసుకుంటా," అన్నాడు కూతురి ముఖంలోకి చూడకుండా.

జెయంతి బల్లమీద కూర్చుంది. తండ్రి మళ్ళీ ఈ స్థితికి వస్తాడని ఆమె అనుకోలేదు. మధ్యలో రెండు నెలలు అతను బాగున్నాడు.

అతని కడుపు జబ్బు మంచుకొండల్లోని సరిహద్దు పోస్టులో మొదలైంది. కరగబెట్టిన మంచునీళ్ళు, డబ్బాల్లో వచ్చే తిండి. ఒకసారి రక్త విరేచనాలు పట్టుకున్నాయి. వాతావరణం బాగాలేక హెలికాప్టరు రాలేదు. అప్పుడు సుబేదారు దామోదరసామి అతన్ని వీపుమీద వేసుకుని కింది క్యాంపు దాకా మోశాడు. "సాబ్ మోయకుంటే మీకు నాయిన లేడు," అని అంతోణి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాడు. ప్రాణం దక్కింది గాని కడుపు బాగుపడలేదు. తిన్నది నిలవదు, ఎప్పుడు పరుగెత్తాల్సి వస్తుందో తెలియదు. పాలు చుక్క తగిలినా నరకమే. పాలు ముట్టవద్దని సైనిక ఆసుపత్రి డాక్టరు అప్పుడే చెప్పాడు.

పెన్షను తీసుకుని కోవిల్‌పట్టి వచ్చాక ఏటీఎం దగ్గర కాపలా పని దొరికింది. అక్కడ మరుగుదొడ్డి లేదు. పక్కనున్న సెల్‌ఫోన్ల కొట్టువాణ్ణి చూస్తుండమని చెప్పి, బస్టాండులో డబ్బులిచ్చి వెళ్ళే కట్టణ కక్కూసుకు పరుగెత్తేవాడు. ఒకనాడు తనిఖీకి వచ్చిన అధికారికి ఖాళీ కుర్చీ కనబడింది. ఆ పని పోయింది. ఆ తర్వాత భార్య పొన్నుత్తాయి పనిచేసే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గేటు దగ్గరా అంతే అయింది. మెల్లగా పెళ్ళిళ్ళకూ చావులకూ వెళ్ళడం మానేశాడు. చర్చికి వెళితే వెనక తలుపు దగ్గరే నిలబడేవాడు.

అలాంటి రోజుల్లో సాబ్ అంతోణి ఇంటికి వచ్చాడు. పుదూరు పక్క ఊళ్ళో దామోదరసామిది భూములున్న కుటుంబం. పట్టాళంలో ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. తెలుగు మాట్లాడేవాళ్ళు అక్కడ వాళ్ళిద్దరే. ఊరికి వచ్చాక మాత్రం సాబ్ అరుగుమీద కుర్చీలో కూర్చునేవాడు, అంతోణి కింద మెట్ల దగ్గర నిలబడేవాడు. అందులో తప్పేమైనా ఉందని అంతోణికి తోచలేదు. అటువంటి సాబ్ తానే మోటారు సైకిలు మీద, పై కులాలవాళ్ళు అడుగుపెట్టని వాళ్ళ కాలనీలోకి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వాళ్ళ టంబ్లరులో కాఫీ తాగాడు. పొన్నుత్తాయి ఆ సంగతి వీధంతా చెప్పుకుంది.

"ఒరే అంతోణీ, నీ కడుపూ నా కడుపూ ఒకటే రా. ఆ మంచునీళ్ళే మనల్ని చెరిపింది," అన్నాడు సాబ్. "ఇప్పుడు ఒక పొడి వచ్చిండాది. మద్రాసులో చేస్తుండారు. మనమాదిరి పట్టాళం నుంచి వచ్చినోళ్ళకి ఇచ్చి, గుణం తెలుస్తుందా లేదా అని చూస్తారంట. కాసు అక్కరలే. నేనూ తాగుతా, నువ్వూ తాగు."

పొడి గుణం చూపించింది. నెల తిరగకముందే అంతోణి కడుపునిండా భోజనం చేసి కదలకుండా కూర్చోగలిగాడు. ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చున్నాడు. ఎట్టయాపురంలో ఉన్న చెల్లెల్ని చూసి రావడానికి ఒంటరిగా బస్సెక్కాడు. ఒక నూలు మిల్లు గేటు దగ్గర పని కూడా కుదిరింది. ఆ మంచి రోజుల్లోనే సాబ్ జెయంతికి విరుదునగర్‌లో, అదే కంపెనీవాళ్ళ ప్యాకింగ్ షెడ్డులో పని ఇప్పించాడు. రోజుకు మూడువందల యాభై, ఉండడానికి హాస్టలు. అక్కడ నింపేది పిల్లల బలం పొడి అనీ, సైనికుల పొడి మద్రాసు నుంచే వస్తుందనీ చెప్పాడు.

ఆడి (ఆషాఢ) మాసం దాటాక కడుపు మళ్ళీ తిరగబడింది. ఈసారి ముందుకన్నా ఎక్కువగా. మిల్లు పని పోయింది. అంతోణి ఫోను చేస్తే సాబ్, "వయసు రా, వేరే ఏమీ లే. విడవకుండా తాగు. నడుమ విడిస్తే అందరి లెక్కా చెడిపోతుంది," అన్నాడు. అంతోణి ఒక్క పూట కూడా తప్పలేదు. పొట్లాలను తన ఇనప పెట్టెలో దాచుకుని, అందరూ లేవకముందే తానే కలుపుకుని తాగేవాడు. ఎవరిది వాళ్ళే కలుపుకోవాలన్నది సాబ్ మాట. ఇవాళ కూడా సాబ్ విరుదునగర్‌కు పిలిచాడు కాబట్టే, ఒంట్లో బాగాలేకపోయినా బస్సెక్కాడు. ఢిల్లీ నుంచి కంపెనీ పెద్దలు వస్తున్నారట. ఆదివారం ఇంటికి వచ్చిన జెయంతి తిరిగి పనిలోకి వెళుతూ తోడు వచ్చింది.

అంతోణి ప్యాంటు మార్చుకుని వచ్చాడు. పెదవులు తెల్లబడి ఉన్నాయి. బల్లమీద కూలబడి సంచిలోంచి ఒక పొట్లం తీశాడు.

"ఇప్పుడు వద్దు నాయినా."

"వేళ అయింది. తాగాల."

రెండుసార్లు లాగినా పొట్లం చినగలేదు. జెయంతి దాన్ని తీసుకుని చించి, ముసలమ్మ ఇచ్చిన గ్లాసులోకి ఒంపి నీళ్ళు పోసింది. చెంచాతో కలపబోతూ ఆగిపోయింది.

ఆ వాసన ఆమెకు తెలుసు. పని ముగిసి హాస్టలుకు వెళ్ళాక కూడా జుట్టులోంచి, గోళ్ళ సందుల్లోంచి పోని వాసన. దానివల్లే ఆమె టీ తాగడం మానేసింది. పొట్లాన్ని తిప్పి చూసింది. పేరూ బొమ్మా లేని వెండి రంగు కాగితం. షెడ్డులో పెద్ద గోతాలు విప్పి, పాలపొడిలో చక్కెరా పిండీ కలిపి, తాను నింపుతున్న పొట్లం అదే.

"నాయినా, మొదట ఇచ్చిన పొడికి ఇదే వాసనా?"

"లే. అది పులిసిన మజ్జిగ మాదిరి ఉండె. అరటికాయ పిండి రుచి. ఇది తీపి. ఇంకా బాగు చేసినారని సాబ్ అన్నాడు."

"ఇది పాలపొడి నాయినా."

"పాలా?"

"అవును. మా షెడ్డులోనే చేస్తుండారు. నేనే... నేనే నింపినా నాయినా. ఈ చేత్తోనే."

అంతోణి గ్లాసును పక్కకు జరిపాడు. కూతురు ఏడుస్తోందని గమనించి ఆమె తలమీద చెయ్యి వేశాడు. "నీకేం తెలుసు పాపా. ఏడవొద్దు." తర్వాత ఉన్నట్టుండి లేచాడు. "సాబ్‌కి తెలిసుండదు. ఆయన్నీ ఏమార్చింటారు. ఆయనా తాగుతుండాడు కదా! సీక్కిరం, ఆయన ఇంకో పొట్లం తాగకముందే పోయి చెప్పాల. రా."

కళ్ళు తుడుచుకుంటూ జెయంతి అతని వెంట నడిచింది. ఆ నీరసంలోనూ తండ్రి తనకంటే ముందు నడుస్తున్నాడు.

వేరే బస్సెక్కి విరుదునగర్ చేరారు. అక్కడ కంపెనీవాళ్ళు ఒక కల్యాణ మండపం అద్దెకు తీసుకున్నారు. లోపల ముప్పై నలభై మంది ముసలి సైనికులు ఇస్త్రీ చొక్కాలకు పతకాలు తగిలించుకుని కూర్చున్నారు. వేదికమీద కెమెరా అమర్చారు. బల్లమీద గ్లాసులు పేర్చి ఉన్నాయి. నల్లకోటు వేసుకున్న దామోదరసామి చకచకా అటూ ఇటూ తిరుగుతున్నాడు. అంతోణి కంటే ఆరేళ్ళు పెద్దవాడైనా బుగ్గలు నిండుగా ఉన్నాయి.

"సాబ్, ఒక్క మాట," అని అంతోణి అతన్ని వంటింటి నడవలోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఎవరూ లేకున్నా గొంతు తగ్గించి తెలుగులో చెప్పాడు. "మనల్ని మోసం చేస్తుండారు సాబ్. పొడిలో పాలు కలిపినారు. పాప కనుక్కుంది. మీరు తాగొద్దండి సాబ్. ఇంక ముట్టొద్దండి."

దామోదరసామి అంతోణిని చూడలేదు. అతని చూపు జెయంతి మీదికి పోయింది.

"నువ్వు ఇది ఎవరికన్నా చెప్పినావా?" అన్నాడు.

అంతోణి కూతురికీ సాబ్‌కీ మధ్యకు జరిగాడు.

"మీకు తెలుసా సాబ్?"

"మెల్లగా మాట్లాడు. మొదటి సరుకు రొంబ ఖర్చు రా. కంపెనీకి గిట్టలే. మొదటి రెండు నెలల్లోనే గుణం తెలిసిపోయింది కదా? మిగిలింది ఊరికే నాళ్ళు నింపేది. ఇంక ఒక నెల ఓర్చుకుంటే సరి. ఈ జిల్లాకంతా డీలరు పని నాకిస్తామని చెప్పిండారు. నాకు వస్తే నిన్ను విడిచేస్తానా?"

"పాలు నాకు పడదని మీకు తెలుసు కదా సాబ్. మొదటినాడు కంపెనీ డాక్టరమ్మకి చెప్పేటప్పుడు మీరు పక్కనే ఉండారు."

"ఇంతమందిలో ఒకరిద్దరికి పడదు. దానికి ఏం చేసేది?" దామోదరసామి గొంతు గట్టిపడింది. "ఈ పాపకి పని ఎవరిచ్చినారు? చెప్పు. మంచులో నిన్ను మోసింది ఎవరు రా? మరిచిపోయినావా?"

"మరవలే సాబ్. అందుకే ఇన్నాళ్ళు తాగినా."

అంతోణి గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. మళ్ళీ కడుపు మెలిపెడుతోందని జెయంతికి తెలిసింది. అతను ఊపిరి బిగబట్టి, నొప్పి తగ్గాక తలెత్తాడు.

"మీదీ ఇదే కడుపని చెప్పినారు కదా సాబ్. మీరు యా పొడి తాగుతుండారు?"

దామోదరసామి కోటు గుండీ సర్దుకున్నాడు. హాలు వైపు చూస్తూ, "వాళ్ళు వచ్చేసినారు. పోయి వరసలో నిలువు," అని వెళ్ళిపోయాడు.

"నాయినా, ఇంటికి పోదాం రా," అంది జెయంతి.

అంతోణి ఆగలేదు. నడుచుకుంటూ వెళ్ళి వరసలో తన చోట నిలబడ్డాడు. ఒక కుర్రాడు వచ్చి అందరి చేతుల్లో గ్లాసులు పెట్టాడు. అంతోణి కూడా తీసుకున్నాడు. స్తంభం పక్కన నిలబడ్డ జెయంతికి కోపం వచ్చింది. ఇంత విన్నాక కూడానా? ఎదురు తలుపు దగ్గర షెడ్డు సూపర్‌వైజరు నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

కంపెనీ పెద్దలు పూలదండలు వేయించుకుని కూర్చున్నారు. దామోదరసామి మైకు పట్టుకుని తమిళంలో మొదలుపెట్టాడు. దేశం కోసం కడుపులు పాడుచేసుకున్న వీరులకు ఈ కంపెనీ కొత్త జీవితం ఇచ్చిందన్నాడు. "మా నాయక్ అంతోణినే చూడండి. ఒకప్పుడు ఇల్లు కదలలేని మనిషి. ఇవాళ కోవిల్‌పట్టి నుంచి బస్సులో కూర్చుని హాయిగా వచ్చాడు." చప్పట్లు మోగాయి. కెమెరా అంతోణి వైపు తిరిగింది.

దామోదరసామి మైకు దించి, పరేడు మైదానంలో అరిచే గొంతుతో, సైన్యపు హిందీలో ఆజ్ఞ ఇచ్చాడు. నాయక్ అంతోణి, ఒక అడుగు ముందుకు.

అంతోణి ఎడమ మడమ నేలమీంచి లేచింది. అది గాలిలో అలాగే ఆగి, తిరిగి అక్కడే ఆనింది.

దామోదరసామి ఆజ్ఞను మళ్ళీ చెప్పాడు. ముసలాయనకు వినబడలేదనుకుని పెద్దల్లో ఒకాయన చిరునవ్వు నవ్వాడు. దామోదరసామి దగ్గరికి వచ్చి పళ్ళ బిగువున తెలుగులో, "ఒరే, అందరి ముందర నా మానం తీయొద్దు రా. ఒక్క గుక్క తాగు. చాలు," అన్నాడు.

"తాగను సాబ్."

నలుగురిలో ఎన్నడూ గొంతెత్తి తెలుగు మాట్లాడని మనిషి అందరికీ వినబడేలా గట్టిగానే అన్నాడు. వంగి, గ్లాసును నేలమీద, తన బూటు ముందు పెట్టాడు. మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. జెయంతి సూపర్‌వైజరు వైపు చూడకుండా హాలు దాటి వెళ్ళి తండ్రి మోచెయ్యి పట్టుకుంది.

అతని పక్కన నిలబడ్డ తంగసామిదీ పుదూరు వైపే. తెలుగు వచ్చు కాబట్టి అతనికి ఆ మాటలన్నీ అర్థమయ్యాయి. అప్పటికే పెదవుల దాకా ఎత్తిన గ్లాసును అక్కడే ఆపాడు.

"ఏమి అంతోణీ? ఇందులో ఏముండాది?" అన్నాడు.

వరస పొడవునా ముసలి తలలు ఒక్కొక్కటిగా అంతోణి వైపు తిరిగాయి. గ్లాసులు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి.