వెనక చోటు

నాలుగోసారి బండిని వాలు పైకి లాక్కొచ్చేసరికి దేవమణి అరచేతుల్లో బొబ్బలు చితికాయి. గరికపాడు వైపు పోయే పాత రోడ్డు మే నెల ఎండకు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది.

ఇనప చట్రానికి నాలుగు చక్రాలు బిగించిన ఆ బండి మీదే ఆమె, రాజ్యశ్రీ రెండేళ్ళుగా బాబ్‌స్లే నేర్చుకుంటున్నారు. మంచు కాలవలో ఇద్దరు ఆడపిల్లలు బండెక్కి జారే పందెం అది. ముందు కూర్చున్నది బండిని నడుపుతుంది. వెనకది పరుగెత్తుతూ తోసి, ఎగిరి లోపల కూర్చుని, తల వంచేసుకుంటుంది. ఆమెకు దారి కనిపించదు. ముగింపు గీత దాటాక బ్రేకు మాత్రం ఆమే లాగాలి.

మంచంటే ఇద్దరికీ బడి దగ్గర ఐసుబండిలో చూసిందే. అయినా ఢిల్లీ ఎంపికలో దేవమణి తోపు చూసి వాళ్ళిద్దరినీ తీసుకున్నారు. డిసెంబరులో ఆస్ట్రియాలో ప్రపంచ పోటీలు. ఖర్చంతా రాజ్యశ్రీ ఇంటివాళ్ళదే. దేవమణి తండ్రి శాంతయ్య ఆ ఇంట్లోనే పాలేరు.

రాజ్యశ్రీ తల్లి దుర్గాంబ వాలు పైన ఆగి ఉన్న కారు తలుపు తీసింది, దిగలేదు.

"ఏవే మణీ, ఇక నువ్వు రావక్కర్లేదులే. వెనక మా సంహిత కూర్చుంటుంది, ఢిల్లీ వాళ్ళతో మాట్లాడేశాం. దానికి కాస్త నేర్పు."

సంహిత రాజ్యశ్రీ మేనత్త కూతురు. గొడుగు కింద నిలబడి నవ్వాపుకుంటోంది.

"సంహితమ్మకి పరుగు అలవాటు లేదు కదండీ," అంది దేవమణి.

"నేర్చుకుంటుంది. అక్కడ నెల్లాళ్ళు ఇద్దరికీ ఒకటే గది, ఒకటే పొయ్యి అంట. ఇక్కడ మా గడప లోపలికే రావు కదా నువ్వు, అక్కడ ఒకే గదిలో ఎట్టా పడుకుంటారు? రేపు నలుగురికీ తెలిస్తే? అయినా వెనక తోసేదే కదా, ఎవరైతే ఏంటి."

దేవమణి రాజ్యశ్రీ వైపు చూసింది. పరుగులో ఉన్నంతసేపూ దేవమణి ఆమెను పేరు పెట్టి పిలుస్తుంది. బండి ఆగాక అమ్మాయిగారు అంటుంది.

"చెప్పా మణీ. ఇంట్లో వినలేదు," అంది రాజ్యశ్రీ తల దించుకుని. వెళ్ళి బండిలో ముందు కూర్చుంది.

సంహిత వెనక చోట్లో సర్దుకుంది. "ఈసారికి నువ్వు తొయ్యవే, ఊపెట్టా ఉంటుందో చూస్తా. ఈ పిడి ఏంటి?"

"బ్రేకండీ. కింద తెల్లరాయి దాటగానే రెండు చేతుల్తో లాగండి."

అని, దేవమణి బండి మీంచి చేతులు తీసేసింది.

"తొయ్యనండీ."

దుర్గాంబ, కారు పక్కన నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడ్డ శాంతయ్య వైపు చూసిందంతే.

"తొయ్యమ్మా," అన్నాడు శాంతయ్య దగ్గరకొచ్చి. "రేపు మళ్ళీ ఆ గుమ్మం ముందే కదే నేను నిలబడాల్సింది."

"నేను తొయ్యను నాన్నా."

శాంతయ్య క్యాను కింద పెట్టాడు. అంటుకుంటాయని చెప్పులు విప్పాడు. కాలే తారు మీద పాదాలు ఆనించి, బండి వెనక, కూతురి చేతి తడి ఇంకా ఆరని తోపుడు కడ్డీని పట్టుకుని తోశాడు. బండి మొదట కదల్లేదు. మళ్ళీ తోశాడు. చక్రాలు తిరిగాయి.

ముందున్న రాజ్యశ్రీ, వెనక్కి చూడకుండా, అలవాటు కొద్దీ కేకేసింది.

"ఎక్కు మణీ."

దేవమణి కాళ్ళు రెండడుగులు పరుగెత్తి, ఆగాయి.