గున్వోర్ నింపిన ట్యాంకు

మా దీవుల్లో సముద్రం గడ్డకట్టే ముందు పడవ మోటారు ట్యాంకు అంచుదాకా నింపి, మూత ఒక చుట్టు వదులు చేసి కొట్టంలో పెడతాం. నిండు ట్యాంకులో తడి చేరదని తాతలనాటి మాట. ఈవార్ ఇంట్లో ఆ పని అతని పెళ్ళాం గున్వోర్‌ది. మొగుడి చేతికి గరాటు ఇస్తే సగం నేలపాలేనని ఆవిడ నమ్మకం.

ఓ ఏడు బంకులోకి సారా కలిపిన పెట్రోలు వచ్చింది.

"మోటారుకీ చుక్క అలవాటు చేస్తున్నార్రా ఓలోఫ్! ఇక అదీ నీలాగే తూలుతుంది," అని ఈవార్ నన్ను ఆటపట్టించాడు. గున్వోర్ నవ్వుతూనే ట్యాంకు నింపింది. అప్పటికే ఆవిడకి ఒంట్లో బాగాలేదు. ఆ వారంలోనే పట్నం ఆసుపత్రిలో చేర్చాం.

"మంచు కరగ్గానే నువ్వే రావాలి. మన పడవలోనే ఇంటికొస్తా," అంది మొగుడితో.

వసంతంలో డాక్టర్లు చేతులెత్తేశారు. ఇంటికి తీసుకెళ్ళమన్నారు. సముద్రం మీద మంచు విడిన పొద్దునే ఈవార్ ఉన్ని దుప్పటి, ఫ్లాస్కు నిండా కాఫీ పట్టుకుని బయల్దేరాడు. మా దీవి చివరి రాతిబండ దాటాక మోటారు దగ్గి ఆగిపోవడం నా ఒడ్డు నుంచి వినపడింది. నా పడవ వేసుకుని వెళ్ళేసరికి మోటారు తాడు లాగి లాగి అతని అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

"నా పడవెక్కరా."

"వద్దు. మన పడవలోనే వస్తానంది. ఇంకోసారి లాగితే అంటుకుంటుంది."

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. మధ్యాహ్నందాకా లాగుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి అతని పడవని నా పడవ వెనక కట్టి లాక్కెళ్ళాను. మేం ఆసుపత్రికి చేరేసరికి గున్వోర్ చలికోటు తొడుక్కుని, కిటికీ పక్కన కుర్చీలోనే పోయి ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది.

శవపేటిక ఈవార్ పడవలోనే ఇంటికి వచ్చింది. ముందు నా పడవ లాగుతుంటే, చచ్చిన మోటారు పిడి పట్టుకుని అతను వెనక కూర్చున్నాడు.

తర్వాత మోటారు విప్పాం. రబ్బరు గొట్టం కరిగి ముదురు పాకంలా వేళ్ళకి అంటుకుంది. ట్యాంకులోది సీసాలోకి ఒంపితే అడుగున నీళ్ళు విడిగా తేరాయి.

"ఇది ఆ సారా పనే. వదులు మూతలోంచి చలికాలమంతా గాల్లో తడి పీల్చుకుంది. ఈ పెట్రోలుతో ట్యాంకు నింపి ఉంచకూడదు, ఎవరు నింపా..." అని నాలుక కరుచుకున్నాను.

ఈవార్ సీసాకి బిరడా బిగించాడు.

"ఎవరడిగినా మోటారు నేను సరిగ్గా చూసుకోలేదని చెప్పు. గున్వోర్ పేరు రాకూడదు."

అంత్యక్రియలయ్యాక చర్చిలో అందరం కాఫీ తాగుతుండగా గున్వోర్ అక్క అందరి ముందూ అతన్ని పట్టుకుంది. "చెత్త మోటార్ని నమ్ముకుని నా చెల్లెల్ని పరాయి గదిలో చావనిచ్చావు. ఆ మోటార్ని బాగుచేయించడానికి నీకు చలికాలమంతా చాల్లేదా?"

"అవునొదినా. తప్పు నాదే," అన్నాడు ఈవార్.

ఆవిడ నావైపు తిరిగింది. "నువ్వైనా చెప్పలేకపోయావా?"

"చెప్పానమ్మా, వీడు వింటేగా," అన్నాను.